జీతంరాళ్లు లేని ఇల్లు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. తాలూకా కచేరీలో గుమాస్తా ఉద్యోగం వదులుకుని, భార్యాపిల్లలను వెంటబెట్టుకుని, జీతం లేని క్రైస్తవ సువార్త సేవకు నర్సాపురం పక్క పల్లెకు వచ్చిన మీ తాతగారి కథను నవలగా రాయాలన్న నీ సంకల్పం మంచిది, రాయగల చెయ్యి కూడా నీకుంది. అయితే మొదటి అధ్యాయం చివర పోస్ట్‌మాన్ మనియార్డరు తెచ్చాడు. రెండో దాని చివర ఎవరో బియ్యం బస్తా దింపి వెళ్లారు. మూడో దాని చివర మళ్లీ పోస్ట్‌మానే వచ్చాడు. ఇక నాలుగో అధ్యాయం తెరవగానే పాఠకుడు నీ వాక్యాలు చదవడం మానేసి వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు. అందిన సహాయాన్ని రాయడం తేలిక. అది అందేదాకా ఆ ఇంట్లో ఎవరు ఎలా మసలుకున్నారో రాయడం కష్టం. నీ నవల ఆ కష్టమైన చోటే ఉంది.

నేను మీ సంఘస్థుణ్ణి కానని నీకు తెలుసు. కానీ పాలకొల్లులో మా ఎదురింట్లో ఒక సువార్త సేవకుడి కుటుంబం చాలా ఏళ్లు అద్దెకుండేది కనుక విశ్వాస జీవితం, అంటే జీతం లేకుండా దేవుడి మీదే ఆధారపడి బతకడం, అనే మాట నాకు పుస్తకాల కంటే ముందు వీధిలోనే పరిచయమైంది. ఆ ఇంటి నియమం చిన్నపిల్లవాడికి కూడా అర్థమయ్యేంత స్పష్టమైనది: అవసరం ఏదైనా దేవుడికే చెప్పాలి, మనిషికి చెప్పకూడదు, అప్పు చేయకూడదు. అబద్ధం ఆడకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఈ నియమాలను తీసుకువెళ్లి మన గోదావరి జిల్లా అరుగుల మీద పెట్టి చూడు. పొద్దున్న పదింటికి నూతి దగ్గర ఎదురుపడిన ప్రతి మనిషీ అడిగే ప్రశ్న ఒకటే: "ఏం కూరండీ ఇవాళ?" పొయ్యి వెలగని రోజున ఆ ఇల్లాలు ఏమని జవాబు చెప్పాలి? వంకాయ అంటే అబద్ధం, ఏమీ లేదంటే అడుక్కున్నట్టు. ఆవిడ బిందె చంకనెత్తుకుంటూ "ఇంకా చూడాలండి" అని నవ్వేసి వెళ్లిపోయేది. మా అమ్మకు ఆ జవాబు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది; అర్థమైన తర్వాత ఆ ప్రశ్న అడగడం మానేసి, చింతకాయ పచ్చడో, కాస్త పప్పో "మాకు ఎక్కువైంది" అంటూ పంపడం మొదలుపెట్టింది. మా ఇంట్లో అది ఎక్కువైన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. తమ మీద జాలి పడి పంపారని తెలిసీ దాన్ని దేవుడు పంపాడని కళ్లు మూసుకుని స్తుతించడంలో కపటం ఉందని కుర్రతనంలో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను, అలాగని అది పూర్తిగా తేటతెల్లమైన వ్యవహారమనీ అనుకోను. నీ నవల ఈ రెండింటి మధ్యా నిలబడగలగాలి.

ఈ నియమం ఎక్కడినుంచి వచ్చిందో నీ పాత్రలకు తెలియకపోయినా నీకు తెలియాలి. 1830లో ఇంగ్లండులోని టిన్‌మత్ (Teignmouth) అనే ఊళ్లో పాస్టరుగా ఉన్న జార్జి ముల్లర్, ఆయన భార్య మేరీ స్థిరమైన జీతం తమకు వద్దనుకుని, ప్రార్థన మందిరంలో ఒక పెట్టె పెట్టించి, ఇష్టమున్నవారు తోచినది అందులో వేయవచ్చునని ప్రకటించారు. పెట్టె తెరవవలసిన పెద్దలు వారం వారం తెరవడం మరచిపోయో, అంత చిన్న మొత్తం తెచ్చి ఇవ్వడానికి మొహమాటపడో, మూడు నాలుగు వారాలకొకసారి తెరిచేవారు. ఒకసారి ఇంట్లో డబ్బు దాదాపు అయిపోయింది, పెట్టెలోంచి తీసిన డబ్బు ఒక పెద్దాయన దగ్గర ఉంది, ఇమ్మని అడిగితే అవసరాన్ని మనిషికి చెప్పినట్టే అవుతుంది. ముల్లర్ అడగలేదు, తెచ్చి ఇవ్వాలన్న బుద్ధి ఆ పెద్దాయనకు పుట్టించమని ప్రార్థించాడు. తర్వాతి కాలంలో ఆయన బ్రిస్టల్‌లో కట్టించిన పెద్ద పెద్ద అనాథాశ్రమాల కంటే, కళ్లెదుట ఉన్నా ఇమ్మని అడగలేకపోయిన ఆ పెట్టె డబ్బు నవలాకారుడికి ఎక్కువ పనికొస్తుంది.

ఆ మేరీ అన్నగారే ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. మన గోదావరి డెల్టాకు ఈ పద్ధతి వచ్చింది ఆయన ద్వారానే. 1836లో ఆయన ప్రోద్బలంతో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బియర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా మచిలీపట్నం మీదుగా నర్సాపురం, పాలకొల్లు ప్రాంతానికి చేరారు. ఒకరు రాతిపనివాడు, మరొకరు చెప్పులు కుట్టేవాడు. వెనుక నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ లేదు. మీ తాతగారు ఈ ధారలోంచి వచ్చారా, లేక 1941లో మద్రాసులోనూ 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే ప్రార్థనా స్థలంలోనూ సువార్తికుడు భక్తసింగ్ గారు మొదలుపెట్టిన సంఘాల ధారలోంచి వచ్చారా అన్నది నీ రాతప్రతిలో తేలలేదు. రెండింటిలోనూ సేవకుడికి జీతం ఉండదు గానీ, పెరిగిన వాతావరణం, పాడిన పాటలు, కలిసి భోంచేసిన పంక్తులు వేరు. పక్క వీధిలో జీతం తీసుకునే పాస్టరుగారి పిల్లలు వేసుకున్న బూట్లను మీ నాన్నగారు ఎలా చూసేవారో కూడా అడిగి రాయి. మిషన్లన్నీ ఒకటేనని అనుకునే పాఠకుడికి ఆ ఒక్క తేడాతో చాలా అర్థమవుతుంది.

ఆ తొలిరోజుల్లో ఇంగ్లండు నుంచి ఉత్తరం ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్‌హోప్ అగ్రం చుట్టుకుని రావడానికి నెలలు పట్టేది. అంటే నర్సాపురంలో ఒక ఉదయం మోకరించి అడిగిన డబ్బు ఆ సాయంత్రమే అందితే, అది పంపినవారి చేతిని వీడి అప్పటికే ఎన్నో నెలలు గడిచి ఉంటాయి. హేతువాది దీన్ని కాకతాళీయమంటాడు. మీ ఇంట్లో అయితే, వేడుకోక ముందే జవాబిస్తానని యెషయా గ్రంథంలో ఉన్న వాగ్దానాన్ని చూపిస్తారు. నువ్వు మాత్రం తీర్పు చెప్పకు. ప్రార్థించిన తేదీ, కవరు మీది తపాలా ముద్ర తేదీ రెండూ పక్కపక్కన పెట్టి ముందుకు సాగిపో. మీ తాతగారి డైరీలు ఉన్నాయన్నావు కదా, మనియార్డరు రసీదులు కూడా ఉంటే ఈ పని నువ్వు చేయగలవు.

ఇక అన్నిటికంటే ముఖ్యమనిపించినది చెబుతాను. నీ రాతప్రతిలో మీ నానమ్మగారు వంట చేస్తారు, కన్నీళ్లు పెట్టుకుంటారు, ఆమెన్ అంటారు. ఆవిడ ఒప్పుకున్నారా? గ్రోవ్స్ ఎక్సెటర్‌లో పళ్ల వైద్యుడిగా బాగా సంపాదిస్తున్న రోజుల్లోనే మిషనరీగా వెళ్లాలనుకున్నాడు, కానీ ఆయన భార్యకు, ఆవిడ పేరు కూడా మేరీయే, చాలాకాలం ఇష్టం లేకపోయింది. సంపాదనలో పదోవంతు, తర్వాత నాలుగోవంతు, తర్వాత ఇంకా ఎక్కువ ఇస్తూ పోగా పోగా ఆవిడ మనసు మారింది. 1829లో ఇద్దరు కొడుకులతో బాగ్దాదు వెళ్లారు. 1831లో ప్లేగు వచ్చి ఊరు ఖాళీ అవుతున్నప్పుడు అక్కడే ఉండిపోవాలని నిశ్చయించుకున్నారు, ఆ ప్లేగులోనే ఆవిడ మరణించింది. ఆ పిల్లలను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. విశ్వాస జీవితాన్ని ఎంచుకునేది ఒకరు, మహా అయితే ఇద్దరు, జీవించేది ఇల్లంతా. పండక్కి కొత్త బట్టలు లేని పిల్లవాడికి అది త్యాగం కాదు, ఎవరో తన తరఫున చేసేసిన నిర్ణయం. మీ పెద్ద మేనత్తగారు ఇప్పుడు చర్చికి వెళ్లడం లేదని ఒక వాక్యంలో దాటేశావు. నాకైతే ఆవిడ కథ ఒక అధ్యాయమంత కనిపిస్తోంది. ఆవిడ అనుమతి తీసుకుని, ఆవిడ మాటల్లోనే రాయి.

ఫలించని రోజులను కూడా దాచకు. ఇదే గ్రోవ్స్ తర్వాత చిత్తూరులో స్థిరపడి, తన చేతుల మీద తాను బతకాలని పట్టుపురుగుల పెంపకం, వ్యవసాయం చేపట్టి నష్టపోయాడు. బైబిలులోని అపొస్తలుడు పౌలు డేరాలు కుట్టుకుని బతికాడు కనుక అందులో తప్పేమీ లేదని కొందరు, ఎదురుచూడలేకపోయాడని కొందరు అంటారు. మీ తాతగారు రెండేళ్లు ట్యూషన్లు చెప్పారని నువ్వు సిగ్గుపడుతున్నట్టు రాశావు. సిగ్గెందుకు? ఆ సంధ్యవేళ ట్యూషను కోసం ఆయన ప్రార్థన కూటం మానేశారా, మానేస్తే సంఘ పెద్దలు ఏమన్నారు, ఆ నెల ఫీజు చేతికి వచ్చినప్పుడు దానికి కూడా కృతజ్ఞతాప్రార్థన చేశారా? ఇవి నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇంకొకటి. అవసరం ఎవరికీ చెప్పరు గానీ, తీరిన తర్వాత, దేవుడు దాన్ని ఎలా తీర్చాడో నలుగురిలో సాక్ష్యం చెబుతారు. ముల్లర్ తన అనుభవాలన్నీ అచ్చువేయించాడు కూడా. ఆ సాక్ష్యం విన్నవాడు వచ్చే నెల కవరు పంపుతాడు. ఇందులో మోసమేమీ లేదు, కానీ చూసీ చూడనట్టు పోకూడనిది ఒకటి ఉంది. అడక్కుండా కృతజ్ఞత చెప్పే పద్ధతికి మంచి నమూనా కావాలంటే పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం మళ్లీ చదువు: కానుక అందిందంటాడు, దాని కోసం ఎదురుచూడలేదంటాడు, మీరు పంపి మంచి పని చేశారంటాడు. మీ తాతగారి ధన్యవాద లేఖలు కూడా ఈ మూడు మెట్ల మీదే నడుస్తాయని నా ఊహ. ఒకదాన్ని ఏమీ దిద్దకుండా, పూర్తిగా నవలలో పెట్టు.

సంభాషణల గురించి క్లుప్తంగా. ప్రార్థనలో మీవాళ్లు మాట్లాడే తెలుగు బైబిలు తెలుగు, వంటింట్లో మాట్లాడేది నర్సాపురం తెలుగు. నువ్వు రెండింటినీ కలిపి పత్రికల తెలుగు చేశావు. విడదీయి.

మూడో అధ్యాయం చివరి రెండు పేజీలూ కొట్టేసి, పోస్ట్‌మాన్ రాకముందు గడిచిన ఆ నాలుగు రోజులనే నాలుగో అధ్యాయంగా రాసి పంపు. దానికి ముందు మీ నానమ్మగారిని కూర్చోబెట్టి, ఆ నాలుగు రోజుల్లో నూతి దగ్గరికి ఎవరు వెళ్లారో, ఎన్ని గంటలకు వెళ్లారో అడుగు.

ఆశీస్సులతో,
మీ ఎదురువీధి తాతయ్య