తలుపు తెరిచే ఉంది, వెళ్లేదెక్కడికి?

ప్రశ్న: నేను రిటైర్డ్ నర్సును. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలంలో పేదలను ఉంచిన వర్క్‌హౌస్‌ల గురించి టీవీలో చూశాను. కొందరు ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోయారట. వాళ్లను బయటికి పోనివ్వలేదా?
– ఒక పాఠకురాలు, పద్మారావునగర్, హైదరాబాద్

జవాబు: పోనిచ్చేవారమ్మా, అది జైలు కాదు. కొన్ని గంటల ముందు చెబితే, దాచి ఉంచిన సొంత బట్టలు చేతికిచ్చి పంపేసేవారు. పని దొరకని చలికాలంలో చేరి, తర్వాత వెళ్లిపోయినవాళ్లు ఎందరో. లోపలి బతుకు బయటి కూలివాడి బతుకుకన్నా హీనంగా ఉంటే గతిలేనివాడు తప్ప ఎవడూ రాడన్నది పేదలకిచ్చే సాయంపై 1834లో వచ్చిన చట్టం లెక్క. అందుకే ఆలుమగల్ని కూడా వేర్వేరు వార్డుల్లో పెట్టారు. అరవై దాటిన జంటలకు కలిసి ఉండే హక్కు 1847లో గాని రాలేదు.

మరి ఉండిపోయిందెవరు? 1861లో పార్లమెంటు ఒక జాబితా అచ్చువేయించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అయిదేళ్లకు పైగా ఏకధాటిగా లోపలే ఉన్న పెద్దవాళ్ల పేర్లవి, 14 వేల పైచిలుకు. పేరు పక్కన ఎన్నేళ్లుగా ఉన్నారో, ఎందుకు సొంతంగా బతకలేరో కూడా రాశారు. చరిత్ర లెక్చరర్‌గా పనిచేసిన నాకు యుద్ధాల తేదీలకన్నా ఆ కారణాల గడి మీదే ఆసక్తి. అందులో ఎక్కువగా కనబడేది ముసలితనం, నీరసం. ఆ తర్వాత మతిస్థిమితం లేకపోవడం. సోమరిపోతుల్ని బెదిరించడానికి కట్టిన ఇంట్లో కదల్లేనివాళ్లు మిగిలారన్నమాట.

వాళ్లకు దక్కిన సుఖమల్లా టీ. అరవై దాటినవాళ్లకు పొద్దుటి గంజికి బదులు వారానికి ఒక ఔన్సు టీ పొడి, అయిదు ఔన్సుల వెన్న, ఏడు ఔన్సుల చక్కెర ఇవ్వొచ్చని భోజన పట్టికలో రాశారు. ఇవ్వాలని కాదు, ఇవ్వొచ్చని! ఔన్సంటే 28 గ్రాములు. మా చిక్కడపల్లి ఇంట్లో ఆ టీ పొడి రెండు రోజులకు కూడా చాలదు.

మీరు నర్సు కాబట్టి ఇదీ చెప్పాలి. చాలాకాలం అక్కడి రోగులను చూసుకున్నది చదువూ శిక్షణా లేని తోటి పేద స్త్రీలే. 1865లో ఆగ్నెస్ జోన్స్ అనే నర్సు, శిక్షణ పొందిన నర్సులతో లివర్‌పూల్ వర్క్‌హౌస్ ఆసుపత్రికి వచ్చింది. మూడేళ్లకే టైఫస్ సోకి చనిపోయింది.

ముసలివాళ్లకు చేతిలో నాలుగు డబ్బులు ఆడింది 1909 జనవరి నుంచి. డెబ్బై దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల దాకా ప్రభుత్వ పెన్షన్ మొదలైంది. అయితే అప్పటికే వర్క్‌హౌస్‌లో ఉన్నవాళ్లు అర్హులు కారన్నారు. ఆ మెలిక 1911లో గాని తొలగలేదు.