రేకుల షెడ్డే కదా అనుకోకు బిడ్డా

సౌజన్యా,

కరీంనగర్ రోడ్డు మీద ఫంక్షన్ హాలుకు డ్రాయింగులు నువ్వే వేస్తున్నావని, అదీ పీఈబీలో, అంటే ఫ్యాక్టరీలో ముక్కలు చేసి తెచ్చి బిగించే ఇనుప బిల్డింగుగానని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో మొదటి ఆర్కిటెక్టువి. పడుకున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నిద్ర పట్టనిది నాకే. ఇనుప షెడ్లు నిలబెట్టి బతికినవాణ్ని, నాకు తెలిసిన భయాలన్నీ వరుసగా గుర్తొచ్చాయి.

మీ ఓనరు ‘రెడీమేడే కదా, తెచ్చి బిగించుడే’ అన్నాడట. ఆ మాట నమ్మకు. ప్రతి బిల్డింగుకూ లెక్క వేరు. ఎక్కడ బలం కావాలో అక్కడే ఇనుము పెడతారు, అక్కర్లేని చోట తగ్గిస్తారు. స్తంభం చాలాసార్లు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండేది అందుకే. చూడవచ్చినవాళ్లు ‘తలకిందులుగ నిలబెట్టిన్రా?’ అని అడిగేవాళ్లు. వంచే బలం స్తంభానికి రాఫ్టర్, అంటే కప్పు దూలం, కలిసే మూల దగ్గర ఎక్కువ, అడుగున బోల్టుల దగ్గర తక్కువ. మిగులు ఇనుము ఉండదు కాబట్టే చవక. అందుకే ఫాల్స్ సీలింగ్, ఏసీ డక్టులు, రేపు పెట్టబోయే సోలార్ ప్యానెళ్లు, అన్నీ ఆర్డరుకు ముందే కాగితం మీద రాసివ్వాలి. కోడ్, అంటే బిల్డింగుల ప్రమాణాల పుస్తకం, ప్రకారం కప్పు మీద చదరపు మీటరుకు 75 కిలోలు లెక్కేస్తాం కదా అని కంపెనీవాళ్లు అంటారు. అది రిపేరుకు ఎక్కే మనుషుల కోసం, నీ డక్టుల కోసం కాదు.

తేలిక బిల్డింగుకు అంత పునాది ఎందుకని కూడా అడుగుతారు. తేలిక కాబట్టే. హైదరాబాద్‌కు కోడ్ చెప్పే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. లెక్క కడితే చదరపు మీటరుకు 115 కిలోల పైనే ఒత్తిడి. పైన రేకు బరువేమో ఐదు కిలోలు. గాలి కప్పును పైకి లాగుతుంటే కిందికి పట్టి ఉంచాల్సింది పునాదే. మీ స్థలం నల్లరేగడి అయితే మట్టి పరీక్ష లేకుండా గుంత కూడా తవ్వనివ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. నర్సంపేట రోడ్డు వైపు ఒక జిన్నింగ్ మిల్లుకు షెడ్డు నిలబెట్టాం. పత్తి సీజన్ ముంచుకొచ్చాక, లారీ పక్క గోడ నుంచి లోపలికి రావాలని యజమానికి కోరిక పుట్టింది. అక్కడ రెండు స్తంభాల మధ్య ఎక్స్ ఆకారంలో బ్రేసింగ్ రాడ్లు ఉన్నాయి. మేం వద్దన్నాం. ‘గింత సన్న రాడ్లు ఏం మోస్తయి?’ అని, మేం వేరే సైటుకు పోయాక గ్యాస్ కట్టర్‌తో కోయించాడు.

స్తంభాలు, రాఫ్టర్లు కలిసిన ఫ్రేము అడ్డంగా వచ్చే గాలిని తట్టుకుంటుంది. పొడవు దిక్కున దానికి సొంత బలం అంతగా లేదు. స్టాండులో సైకిళ్ల వరుస చూశావుగా, ఒకటి ఒరిగితే అన్నీ ఒరుగుతాయి. వాటిని ఒరగకుండా పట్టుకునేవి ఆ సన్న రాడ్లే. సీజనంతా ఏమీ కాలేదు. వచ్చినవాళ్లకల్లా ఆ దారి చూపించి యజమాని గొప్పలు పోయాడు. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. కబురొస్తే తెల్లారి వెళ్లి చూశాం. ఫ్రేములన్నీ ఒకే దిక్కుకు ఒరిగి ఉన్నాయి. రేకులు బిగించే పర్లిన్ పట్టీలు మెలి తిరిగాయి, రేకులకు స్క్రూ రంధ్రాలు బొటనవేలు పట్టేంత చీలాయి. కూలలేదు, కానీ హమాలీలెవరూ లోపలికి అడుగు పెట్టలేదు. ఆయన బయట తూకం రాయి మీద కూర్చుని ‘సన్న రాడ్లే గదనయ్యా’ అని అదే మాట అంటున్నాడు. తిట్టాలని పోయినవాణ్ని, నోరు రాలేదు. డిజైన్ అప్పుడే అడిగి ఉంటే రాడ్ల బదులు అక్కడ పోర్టల్, అంటే గుమ్మంలాంటి ఇనుప చట్రం, పెట్టేవాళ్లు, లారీ హాయిగా దూరేది.

నువ్వు పక్క గోడ పొడవునా అద్దాలన్నావట. అందులో బ్రేసింగ్ ఎక్కడ పడుతుందో అడిగావా? అడగకపోతే రేపే అడుగు.

ఇనుము కాలదు కదా అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాలదు, మెత్తబడుతుంది. 550 డిగ్రీల దగ్గర బలం సుమారు సగానికి పడిపోతుంది. పత్తి మంటలు చూసిన వరంగల్ వాణ్ని, నాకీ భయం పోదు. నీ హాల్లో పత్తి ఉండదు గానీ డెకరేషన్ బట్టలుంటాయి, గ్యాస్ సిలిండర్లుంటాయి. వంటశాలను హాలుకు అంటించకు. స్తంభాలకు, రాఫ్టర్లకు వేడికి ఉబ్బి కాపాడే పెయింటు వేయించు. బయటికి దారులు కుర్చీలు అడ్డుపడని చోట పెట్టు. ఖర్చెక్కువని ఓనరు అంటే నా నంబరివ్వు.

షెడ్డులా కనిపిస్తుందని నీకు టెన్షనట. దానికి ఇటుక, రాయి, ఏదైనా చుట్టూ కట్టుకోవచ్చు. ఫ్రేము గాలికి కొంచెం ఊగుతుంది కాబట్టి గోడకూ స్తంభానికీ మధ్య సందు వదులు, లేకపోతే పగుళ్లు వస్తాయి. కప్పు కింద ఇన్సులేషన్ మానకు, మానితే వాన చప్పుడుకు మంత్రాలు వినపడవు.

స్తంభాలను పునాదికి పట్టే యాంకర్ బోల్టులు టెంప్లేటుతో, అంటే రంధ్రాలున్న అచ్చు పలకతో, పెట్టించి, కాంక్రీటు పోసే రోజు నాకు ముందే చెప్పు, వస్తాను. నా మోకాళ్ల సంగతి మీ నాన్నతో అనకు. డ్రాయింగులు వాట్సాప్‌లో పంపితే నా కళ్లకు ఆనవు, పెద్ద ప్రింటు తీయించి పంపు.

నీ పెద్దనాన్న