మాత్ర ఇవ్వని కుర్రాడూ, మీ పాప ఉద్యోగమూ

ప్రశ్న: మేడమ్, మాది టెక్కలి దగ్గర పల్లె. మా పాప బైపీసీ చదివి, రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టల్లో ఉండి నీట్ రెండుసార్లు రాసింది, ర్యాంకు రాలేదు. ఇప్పుడు ఎమర్జెన్సీ టెక్నాలజీలో బీఎస్సీ చేసి అంబులెన్స్‌లో పని చేస్తానంటోంది. మొన్న సంక్రాంతికి మా నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చింది, అప్పటి నుంచీ ఇదే పాట. పాప లోపల తాత పక్కన కూర్చుంది, నేను వెనకాల బండి మీద వెళ్లాను. వచ్చిన కుర్రాడు ఏదో తెల్ల మాత్ర నమలమన్నాడట గానీ, నాలుక కింద పెట్టే మాత్ర ఇవ్వలేదు. బీపీ 86 ఉందని చెప్పి ఫోన్‌లో డాక్టర్‌ని అడుగుతూ కూర్చున్నాడు. మాత్రకి కూడా ఒకరిని అడగాల్సిన ఉద్యోగం ఏం ఉద్యోగం? పైగా తప్పు ఇంజెక్షన్ ఇచ్చి ఎవరికైనా ఏదైనా అయితే ఆడపిల్ల జైలుకి వెళ్లాలా? విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఈ కోర్సుతో విదేశాలకి పంపిస్తామంటున్నారు. నర్సింగ్ మంచిదా, ఇది మంచిదా?

జవాబు:

అన్నయ్యగారూ, ప్రశ్నలు నాలుగు రాశారు గానీ భయం ఒక్కటే. నర్సింగ్‌లో చేరే పిల్లల నాన్నలూ ఇదే అడుగుతారు, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కోర్సుకి వెళ్లే పిల్లల అమ్మలూ ఇదే అడుగుతారు. "మా పిల్ల చేతిలో ఎవరైనా పోతే?" అని. ఆ మాట నోటికి రాక జీతమెంత, విలువెంత అని చుట్టూ తిప్పుతారు. మీరు కనీసం జైలు అనేదాకా వచ్చారు, అది నయం.

ముందు ఆ కుర్రాడి సంగతి చూద్దాం. నాలుక కింద పెట్టే మాత్ర, మనందరం సార్బిట్రేట్ అనేది, రక్తనాళాలని వదులు చేసి బీపీని దించుతుంది. మీ నాన్నగారి పై బీపీ అప్పటికే 86. 90 కంటే తక్కువ ఉన్న మనిషికి ఆ మాత్ర పెడితే నొప్పి సంగతి దేవుడెరుగు, బీపీ ఇంకా పడిపోయి స్పృహ తప్పొచ్చు. గుండె కుడివైపు దెబ్బతిన్న ఎటాక్ అయితే మరీ ప్రమాదం. అంతే కాదు, ఆ మాత్ర ఇచ్చే ముందు, ఒకటి రెండు రోజుల్లో మగతనం మాత్రలేమైనా వేసుకున్నారా అని కూడా అడగాలి, ఆ రెండూ కలిస్తే బీపీ దారుణంగా పడిపోతుంది. డెబ్బై ఏళ్లాయన్ని కోడళ్ల ముందు ఆ మాట అడగడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. అయినా అడుగుతారు. మీరు తెల్ల మాత్ర అన్నది బహుశా ఆస్పిరిన్ అయి ఉంటుంది, గుండెనొప్పి అనిపిస్తే దాదాపు 300 ఎంజీ నమిలిస్తారు, అదీ అలర్జీ, కడుపులో రక్తస్రావం లాంటివి లేవని అడిగాకే. అంటే ఇవ్వాల్సింది ఇచ్చాడు, ఇవ్వకూడనిది ఆపాడు. మీకు ఆపింది ఒక్కటే కనిపించింది.

ఫోన్ చేసి అడిగితే విలువ లేదంటారు, అడక్కుండా ఇచ్చి తప్పయితే జైలంటారు. ఏదో ఒకటి తేల్చుకోండి! ఆ ఫోన్ ఉన్నదే ఆ రెండోది జరక్కుండా ఉండడానికి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది, ఆ పద్ధతిలో బండిలో ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, ఉంటే కాల్ సెంటర్‌లో డాక్టర్ ఉంటారు. ఈఎంటీ చూసింది చెబుతాడు, డాక్టర్ మందు చెబుతారు, ఈఎంటీ దాన్ని మళ్లీ పలికి, అవునన్నాకే సిరంజి పట్టుకోవాలి. సొంతంగా మందు రాసే అధికారం మన దేశంలో ఈఎంటీకి లేదు. అది చిన్నతనం అనుకుంటున్నారు మీరు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లకి అది పెద్ద కవచం అని నేనంటాను. కేసు సంగతికొస్తే, 2005లోనే జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు వైద్యుల గురించి చెప్పింది, మామూలు పొరపాటుకి క్రిమినల్ కేసు కాదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని. ఆ తీర్పుని పట్టుకుని ధైర్యంగా ఉండమని కాదు, డాక్టర్ చెప్పింది చెప్పినట్టు, టైముతో సహా రాసుకున్న పిల్ల దగ్గర చూపించడానికి కాగితం ఉంటుందని.

నెల్లిమర్ల వైపు ఒకమ్మాయి ఏడేళ్ల క్రితం నా దగ్గరికి సలహాకి వచ్చింది, ఇప్పుడు అంబులెన్స్‌లో పని చేస్తోంది. కిందటేడు వచ్చినప్పుడు ట్రైనింగ్‌లో వాడే రెండు యాంప్యూల్స్, అంటే ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు బుడ్లు, నా టేబుల్ మీద పెట్టింది. రెండూ చిటికెనవేలంత కూడా లేవు, రెండింట్లోనూ నీళ్లలాంటి మందే. కళ్లజోడు పెట్టుకుంటే గానీ పేరు కనపడలేదు నాకు. ఒకటి అడ్రినలిన్, ఒకటి అట్రోపిన్. "మేడమ్, రాత్రి పూట గతుకుల రోడ్డు మీద, పక్కన పేషెంట్ వాళ్లమ్మ ఏడుస్తుంటే ఇది చదవాలి" అంది.

అడ్రినలిన్ యాంప్యూల్‌లో ఒక ఎంఎల్ ఉంటుంది, అందులో ఒక ఎంజీ మందు. జీడితోటలో కందిరీగలు కుట్టి ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడని పెద్దాయనకి అందులో సగం, అంటే 0.5 ఎంజీ, తొడ బయటి వైపు కండకి ఇస్తారు. గుండె ఆగిపోయిన మనిషికైతే మొత్తం ఒక ఎంజీ నరానికి, 3 నుంచి 5 నిమిషాలకోసారి. మందు అదే, యాంప్యూల్ అదే. కందిరీగ కుట్టిన మనిషికి, గుండె కొట్టుకుంటూ ఉండగానే ఆ మొత్తాన్ని నరంలోకి ఒక్కసారిగా తోసేస్తే గుండె లయ తప్పుతుంది, బీపీ ఆకాశానికి వెళ్తుంది. అట్రోపిన్ ఇంకో తిరకాసు: మన దగ్గర దొరికేదాంట్లో ఎక్కువగా ఒక ఎంఎల్‌కి 0.6 ఎంజీయే ఉంటుంది. అందుకే ఆ అమ్మాయి ఫోన్‌లో డాక్టర్ "ఒక యాంప్యూల్ ఇవ్వు" అన్నా ఒప్పుకోదు, "ఎన్ని ఎంజీలు సార్, నరానికా, కండకా" అని అడుగుతుంది. ఒక్కోసారి విసుక్కుంటారట. విసుక్కోనీ. కొన్ని రకాల పురుగుమందులు తాగిన మనిషికి అదే అట్రోపిన్‌ని ఊపిరితిత్తుల్లో నీరు తగ్గి ఊపిరి శుభ్రమయ్యేదాకా ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేసుకుంటూ ఇవ్వాల్సి రావచ్చు, అక్కడ భయపడి తక్కువ ఇవ్వడమే తప్పు. ఇది చదివి ఇంట్లో ఎవరూ ప్రయోగాలు చేయకండి, ఇవన్నీ మానిటర్ పెట్టుకుని, డాక్టర్ మాటతో చేసే పనులు.

తను చేసే పద్ధతి కూడా చూపించింది. పెట్టె నుంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లాగేటప్పుడు ఒకసారి, ఇచ్చే ముందు ఒకసారి పేరూ, ఎక్స్‌పైరీ పైకి చదువుతుంది. బండి ఆగి ఉంటే పైలట్‌ని, అంటే డ్రైవర్‌ని కూడా చదవమంటుంది. సిరంజి మీద వెంటనే ప్లాస్టర్ ముక్క అంటించి పేరు రాస్తుంది, రాయని సిరంజిని ఎంత ఖర్చయినా పారేస్తుంది. ఖాళీ యాంప్యూల్‌ని ఆసుపత్రిలో అప్పగించేదాకా ట్రేలోనే ఉంచుతుంది, క్యాజువాల్టీ డాక్టర్ అడిగితే చూపించడానికి. ఇంటర్‌లో ఈ అమ్మాయి మార్కులు గొప్పవేం కావు. కానీ ఇంటికి తాళం వేసి రెండుసార్లు లాగి చూసే రకం. మీ పాప ఏ రకమో మీకు తెలియాలి, నీట్ ర్యాంకు చెప్పదు.

మన ప్రాంతానికి ఇంకోటి కూడా ఉంది. మీకు పక్కనే ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న చోటు. అక్కడ డయాలసిస్ చేయించుకునేవాళ్లకి చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూది కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉంటుంది, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. డయాలసిస్ తప్పిపోయి నీరసంతో పడిపోయిన మనిషికి ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది, దానికి కాల్షియం గ్లూకోనేట్ నరానికి మెల్లగా, మానిటర్ చూస్తూ ఇస్తారు. ఇక్కడ పుట్టిన పిల్లకి ఈ చేతిని చూడమని ఒకరు చెప్పక్కర్లేదు, మంచం మీద ఉన్న మనిషిని చూడగానే చెయ్యి తడిమి చూస్తుంది. సీతంపేట ఏజెన్సీలోనైతే బండిలోనే కాన్పులు. బిడ్డ బయటికి వచ్చాక తల్లికి రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇస్తారు, కడుపులో ఇంకో బిడ్డ లేదని తడిమి చూసుకున్నాకే. ఆ మందు చల్లగా ఉండాలి. మే నెల ఎండలో బండి పెట్టెలో ఉడికిన మందు ఇచ్చాం కదా అనుకుంటే పని చేయకపోవచ్చు, కాబట్టి డ్యూటీ ఎక్కగానే పెట్టె చూసుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

ఇక ఆ కన్సల్టెన్సీ. దీని గురించి నాకు కోపమే ఉంది, దాచుకోను. మన దగ్గర పారామెడికల్ అంటే ల్యాబ్ నుంచి ఎక్స్‌రే దాకా అన్నీ. బయటి దేశాల్లో పారామెడిక్ అంటే అంబులెన్స్‌లో పని చేసే, లైసెన్స్ ఉన్న ఒక ప్రత్యేక వృత్తి. ఈ రెండు పదాల పోలిక మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థ రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ పారామెడిక్ అని చెప్పుకోకూడదు, ఆస్ట్రేలియాలోనూ 2018 నుంచి పారామెడిసిన్ బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇక్కడి డిగ్రీ చూపించగానే అక్కడ బండి ఎక్కించరు. గల్ఫ్‌లో లైసెన్స్ పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన, పైన అనుభవం అడుగుతారు. అయిన పిల్లలు లేరని కాదు, ఉన్నారు, ఇక్కడ కొన్నేళ్లు క్యాజువాల్టీలో చెమటోడ్చి వెళ్లినవాళ్లు. కోర్సులో చేరకముందే వీసా మాట ఎత్తేవాడికి ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకండి. ఇప్పటికే లాంగ్ టర్మ్ పేరుతో రెండేళ్లు ఆ పిల్లని హాస్టల్లో పెట్టారు. అప్పుడు ఇన్ని ప్రశ్నలు అడిగారా? ఫీజు కట్టి వచ్చేశారు. ఆ రెండేళ్లలో తనకి ఇష్టమైన పని గురించి ఒక్కసారైనా మాట్లాడారా?

నర్సింగా, ఇదా అన్నారు. సూటిగా చెప్పాలంటే ఉద్యోగాల వెడల్పు నర్సింగ్‌కే ఎక్కువ, ప్రభుత్వ స్టాఫ్ నర్స్ పోస్టులున్నాయి, నర్సింగ్ చేసినవాళ్లు అంబులెన్స్‌లోకీ రావచ్చు. ఎమర్జెన్సీ కోర్సు ఇరుకు దారి, చాలాచోట్ల కాంట్రాక్టు, 12 గంటల డ్యూటీలు మామూలు. పాపకి ఇంకా ఊగిసలాట ఉంటే నర్సింగ్ వేయండి. లేదు ఇదే అంటే, 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఎమర్జెన్సీ వాళ్లకీ చోటుంది కాబట్టి దిక్కులేని కోర్సు అని మాత్రం అనుకోకండి. కాలేజీకి వెళ్లి భవనం చూడకండి. అనుబంధం ఏ యూనివర్సిటీది, పిల్లల్ని ఏ ఆసుపత్రి క్యాజువాల్టీకి పంపిస్తారు, ఎన్ని నైట్ డ్యూటీలు, పక్కన నిలబడి నరానికి సూది (ఐవీ) పెట్టించేది ఎవరు, ఇవి అడగండి. జవాబు చెప్పలేక బ్రోచర్ చేతిలో పెడితే లేచి వచ్చేయండి.

ఇంకొకటి. ఆ రోజు మీరు వెనక బండి మీద ఉన్నారు, ఆ కుర్రాడు ఫోన్‌లో ఏం అడిగాడో, డాక్టర్ ఏం చెప్పారో మీకు తెలియదు. పాప తాత పక్కనే ఉంది కదా. ఇవాళ అన్నం తినేటప్పుడు ఆ సంగతి అడగండి, మధ్యలో అడ్డు రాకుండా వినండి. తర్వాత మీరిద్దరూ కలిసి శ్రీకాకుళం రండి, ఏ కాలేజీయో అప్పుడు మాట్లాడుకుందాం.