ముద్ర కంటే ముందు బిళ్ళను చూడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

మ్యూజియంలో పాత నాణేల పట్టిక తయారుచేసే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. నాణెం చేతికి రాగానే రాజు పేరో ఏనుగు బొమ్మో వెతకాలనిపించడం సహజమే కానీ, నీవు మాత్రం ముందుగా దాని అంచును భూతద్దం కింద చూడు. ముద్ర పడక ముందు అది ఉత్త బిళ్ళ. దాన్ని ఎలా తయారుచేశారో తెలిపే గుర్తులు ఎక్కువగా అంచులోనే మిగులుతాయి.

వెండి విద్ధాంక నాణేలతో, అంటే చిన్న చిన్న ముద్రలు విడివిడిగా గుద్దిన ప్రాచీన నాణేలతో మొదలుపెట్టు. వెండిని కరిగించి పోసి, సమ్మెటతో సాగగొట్టి రేకు చేసి, ఆ రేకును ఉలితో పట్టీలుగానూ, పట్టీలను ముక్కలుగానూ నరికేవారు. కార్షాపణం అనే ఈ వెండి నాణెం 32 రత్తులు, అంటే 32 గురిగింజల ఎత్తు, మన లెక్కలో దాదాపు 3.4 గ్రాములు తూగాలి కనుక, బరువు ఎక్కువైన ముక్కకు మూలలు కత్తిరించి సరిచేసిన తరువాతే ముద్రలు గుద్దేవారు. అందుచేత తెగిన మూల కనబడగానే ఎవరో వెండి దొంగిలించారని పట్టికలో వ్రాయకు. ముద్ర అంచు దాటిపోయిన చోట లోహం దెబ్బకు బయటికి ఉబ్బి ఉంటే కోత ముందుదే. బొమ్మ నున్నగా తెగి ఉంటే అప్పుడు అనుమానించు.

వెండి కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. మధ్య మధ్య కొలిమిలో కాల్చి మెత్తబరచకపోతే అంచు నుంచి లోపలికి నెర్రెలు పడతాయి. పైగా అది స్వచ్ఛమైన వెండి కాదు: నాణెపు వెండిలో నాలుగో వంతు రాగి, పదహారో వంతు ఇనుము, తగరం, సీసం, అంజనం (ఆంటిమొనీ) లలో ఏదో ఒకటి కలపాలని కౌటిల్యుని అర్థశాస్త్రం టంకశాల అధికారికి చెబుతుంది. వీలైతే ఒక పూట కంసాలి దగ్గర కూర్చుని వెండి రేకు సాగడం చూడు. నెర్రె ఎక్కడ, ఎందుకు మొదలవుతుందో పుస్తకం కంటే బాగా తెలుస్తుంది.

మన శాతవాహనుల సీసపు నాణేల తీరు వేరు. రాగి కరగడానికి 1085 డిగ్రీల వేడి కావాలి. సీసానికి 327 చాలు. అందువల్ల బిళ్ళలను తేలికగా పోతపోసి, తరువాత ముద్ర కొట్టగలిగేవారు. పోత కాలువను విరిచిన చోట చిన్న తునక అంచుకు అంటుకుని ఉండవచ్చు. ప్రాచీన యూదుల దేశమైన యూదయలో సున్నపురాతి పలకపై వరుసగా గుంటలు తొలిచి, వాటిని సన్నని కాలువలతో కలిపి పోసేవారు కనుక, అక్కడి చిన్న కంచు నాణేలకు ఎదురెదురుగా రెండు కోతలు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో దొరికిన శాతవాహనుల కాలపు నాణేల అచ్చుల వంటివి చూసి ప్రతి అచ్చూ ఉత్త బిళ్ళల కోసమే అనుకోకు. బొమ్మ చెక్కిన మట్టి అచ్చులో బిళ్ళా బొమ్మా ఒకేసారి పోతలో వస్తాయి. రోహ్‌తక్ దగ్గర ఖోఖ్రాకోట్‌లో దొరికిన యౌధేయుల (ఉత్తర భారతపు ఒక ప్రాచీన గణం) అచ్చులను ఒకదానిపై ఒకటి పేర్చి నడిమి కాలువ గుండా లోహం పోసిన పద్ధతిని వృక్షశిలాజ శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1945లో వివరంగా ప్రకటించారు. ఆ పరిశోధనను తప్పక చదువు. పోత నాణెంలో గీతలు మొద్దుబారి, పైన బుడగల గుంటలు ఉంటాయి. కొట్టిన నాణెంలో గీత పదునుగా ఉంటుంది. అంచున తునక ఉన్నంత మాత్రాన అది పోత నాణెమో కొట్టిన నాణెమో తేల్చకూడదు.

ప్రతి నాణేన్నీ తూచి బరువు వ్రాయి, అంచును కూడా ఫోటో తీయించు. తళతళలాడాలని ఎవరైనా ఆమ్లంతో కడగమంటే ఒప్పుకోకు. ఉలి గీతలు ముందుగా పోయేది అలాగే.