ఇరాక్ కుర్దిస్తాన్‌లో ఒంటరిగా తిరగడం క్షేమమేనా?

ఇరాక్ ఉత్తరాన కుర్దులు సొంత ప్రభుత్వంతో పాలించుకునే ఈ ప్రాంతంలో, ఎర్బిల్, సులైమానియా, దుహోక్ ఊళ్లలో మామూలు రోజుల్లో ఒంటరిగా తిరగడానికి అంత భయపడక్కర్లేదు. పరాయివాళ్లని జనం ఆదరంగా చూస్తారు. అసలు జాగ్రత్త దారుల దగ్గరే కావాలి.

ఎర్బిల్ నుంచి సులైమానియాకు ఒక దారి కిర్కుక్ మీదుగా, ఇంకోటి కోయా, దుకాన్ కొండల మీదుగా వెళ్తుంది. కిర్కుక్ 2017 అక్టోబరు నుంచి బాగ్దాద్ ప్రభుత్వం చేతిలో ఉంది, అటు వెళ్లొద్దు. షేర్ టాక్సీలో కూర్చోకముందే "దుకాన్ మీదుగానేనా?" అని డ్రైవర్‌ని అడిగి తేల్చుకోండి. ఆడవాళ్లయితే వెనక సీటు అడగండి, ఇచ్చేస్తారు.

చెక్‌పోస్టుల్లో పాస్‌పోర్ట్ చూస్తారు, టెన్షన్ పడకండి. అక్కడ ఫోటోలు మాత్రం తీయొద్దు.

ఖందీల్ కొండల జోలికి అస్సలు పోకండి. టర్కీతో పోరాడిన కుర్దు తిరుగుబాటుదారుల స్థావరాలని టర్కీ ఏళ్ల తరబడి బాంబులు వేసిన చోటది. ఇరాన్ సరిహద్దు కొండల్లో 1980ల ఇరాన్-ఇరాక్ యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా ఉన్నాయి. ఎర్ర బోర్డు మీద పుర్రె గుర్తు కనిపిస్తే ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు. బోర్డు లేకపోయినా, స్థానిక గైడ్ లేకుండా కాలిబాట వదిలి పక్కకు దిగకండి.

ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య గొడవ ముదిరితే విమానాలు ఆగిపోతాయి. అందుకే బయల్దేరే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూడండి, ఎర్బిల్‌లోని భారత కాన్సులేట్ నంబర్ కాగితం మీద రాసి పెట్టుకోండి.