బుజ్జమ్మకి, ఫ్రేముల గురించి

చిరంజీవి బుజ్జమ్మకి చిన్న మామయ్య ఆశీస్సులు.

నువ్వు కాలేజీ స్నేహితులతో దసరా సెలవులకి పర్లాకిమిడి వచ్చి అమ్మమ్మ మీద షార్ట్ ఫిలిం తీస్తావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పింది. నాకు నిద్ర పట్టలేదు. ముందు సినిమా హాల్లో ఆపరేటర్‌గా, తర్వాత పెళ్లి వీడియోలు తీస్తూ బతికినవాణ్ని. నా తర్వాత మనింట్లో కెమెరా పట్టేది నువ్వే. ఆ సంతోషం ఎలా రాయాలో తెలియట్లేదు. కానీ "అంతా అరవై ఫ్రేముల్లోనే తీస్తుందట, నున్నగా వస్తుందట" అని మీ అమ్మ అనేసరికి గుండె గుభేలుమంది.

బ్యాటరీలు రెండు ఎక్కువ తెచ్చుకో. కార్డులు ఖాళీ చేసుకుని రా. మహేంద్రతనయ ఏటి ఒడ్డున తీయాలంటే ఎండ ఎక్కకముందే వెళ్లాలి. ఇవి నీకు తెలిసినవే.

ఇక అరవై సంగతి. ఫ్రేమంటే ఒక బొమ్మ, అలాంటివి సెకనుకి అరవై అన్నమాట. మూకీల్లో సెకనుకి ఇన్ని బొమ్మలని గట్టి లెక్క ఉండేది కాదు. 1920ల చివర మాటలొచ్చాక, సౌండ్ ఒకే తీరుగా పలకాలని 24 ఖాయం చేశారు. అంటే సెకనుకి అడుగున్నర ఫిలిం, వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. ప్రొజెక్టర్ షట్టర్, అంటే వెలుగుని మూసి తెరిచే రెక్క, ఒక్కో బొమ్మ మీద రెండుసార్లు తెరుచుకునేది కాబట్టి తెర మీద 48 వెలుగులు పడేవి. బొమ్మలు మాత్రం 24.

రీలు తెగితే అతికించేటప్పుడు కోసేసిన ముక్క ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. డాన్స్ చేస్తున్న అమ్మాయి. బల్బుకి అడ్డం పెట్టి చూస్తే ముఖం, ముక్కుపుడక స్పష్టంగా ఉంటాయి. గాజుల చెయ్యి మాత్రం పొగలా చెదిరిపోయి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ప్రింటు పాడైందనుకుని భయపడ్డాను. మా పెద్ద ఆపరేటర్ గారు నవ్వి, "అదేరా కదలిక" అన్నారు. 24లో తీసేటప్పుడు మామూలుగా షట్టర్ సెకనులో 48వ వంతు తెరిచి ఉంటుంది. ఆ కాసేపట్లో చెయ్యి ఎంత దూరం జరిగితే అంత మేర బొమ్మ మీద అలుక్కుపోతుంది. అలుకుడుకీ అలుకుడుకీ మధ్య ఉన్న ఖాళీని మన కన్ను పూడ్చుకుంటుంది. అరవైలో తీస్తే షట్టర్ 120వ వంతుకి వచ్చేస్తుంది. చెయ్యి గడ్డకట్టినట్టు స్పష్టంగా పడుతుంది, అలాంటివి సెకనుకి అరవై. కన్ను పూడ్చుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు ముఖానికి రాసిన పౌడరు, అతికించిన మీసం, కొత్తగా రంగేసిన గోడ అన్నీ బయటపడిపోతాయి. కథలా ఉండదు, పక్కింటి వాకిట్లో జరుగుతున్నట్టు ఉంటుంది.

మీ అమ్మనడుగు, దూరదర్శన్ రోజుల్లో మేం గుమ్మంలోంచి తొంగి చూసినా టీవీలో వచ్చేది వార్తలో సినిమాయో కదలికని బట్టే చెప్పేసేవాళ్లం. స్టూడియో కెమెరా సెకనుకి 50 సార్లు సగం సగం బొమ్మ పట్టేది. సినిమా అయితే 24లో తీసినదే 25గా నడిచేది. తేడా అంతే, కానీ కంటికి ఇట్టే తెలిసేది.

పెద్ద పెద్ద డైరెక్టర్లూ దీంతో తంటాలు పడ్డారు. 2012లో పీటర్ జాక్సన్ 'ది హాబిట్' మొదటి భాగాన్ని 48లో చూపిస్తే, టీవీ సీరియల్లా ఉందని చాలామంది పెదవి విరిచారు. 2016లో ఆంగ్ లీ ఒక సినిమాకి 120 దాకా వెళ్లాడు. దాన్ని అలా చూపించగల హాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సినన్నే. జేమ్స్ కామెరాన్ మాత్రం 2022లో రెండో 'అవతార్'కి నీళ్లలో సీన్లకీ, పోరాటాలకీ 48 వాడి, మాటల సీన్లని 24 లాగే కనిపించనిచ్చాడు. నాకు నచ్చింది ఆ పద్ధతి. 24లో లోపం లేదనను. కెమెరా గబుక్కున పక్కకి తిప్పితే తాటిచెట్లు గెంతుకుంటూ పోతాయి, నెమ్మదిగా తిప్పాలి. ఇంకొకటి, మీ ఫోన్లలో ఉండే 30, 60 అమెరికా కరెంటు లెక్క, అక్కడ సెకనుకి 60 సైకిల్స్. మన కరెంటు 50 సైకిల్స్. అమ్మమ్మ గదిలో ట్యూబ్‌లైటు కింద అరవై పెడితే గోడ మీద వెలుగు కొట్టుకుంటుంది. 25 పెట్టు, షట్టర్ 50వ వంతు పెట్టు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2014లో కొత్త కెమెరా కొన్నాను. అందులో స్లోమోషన్ ఉంది, సెకనుకి వంద ఫ్రేములు తీసి 25 చొప్పున నడుపుతుంది. తలంబ్రాలు అందులో తీస్తే బియ్యపు గింజలు గాల్లో ముత్యాల్లా తేలేవి. ఊరంతా మెచ్చుకుంది. ఆ మత్తులో, మన వీధిలోనే ఒక పెళ్లిలో అప్పగింతలు కూడా అందులోనే తీశాను. పిల్ల తండ్రి కూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టారు. అత్తగారి వాళ్లది ఒడియా కుటుంబం. ఆవిడతో ఒడియాలో రెండు మాటలన్నారు. తర్వాత కూతురి వైపు తిరిగి తెలుగులో ఏదో చెప్పారు, చాలాసేపు. అందరూ ఏడ్చారు. నేను వేళ్ల నుంచి జారే పాలచుక్క మీద ఫోకస్ పెట్టుకుని ఉన్నాను.

మూడేళ్లకి ఆ పెద్దమనిషి పోయారు. పదో రోజు దాటాక ఆ అమ్మాయి మనింటికి వచ్చింది. "అంకుల్, ఆ రోజు నాన్న నాతో ఏమన్నారో సరిగ్గా గుర్తు లేదు. మీ దగ్గర ఉంటుంది కదా" అంది. ఆ కెమెరా స్లోమోషన్‌లో సౌండ్ తీసుకోదు, బుజ్జీ. వేగం నాలుగింతలు పెంచి మామూలు నడకకి తెచ్చి చూపించాను. ఒక్కో బొమ్మ 200వ వంతులో పడ్డది కదా, అలుకుడు లేదు, ఆయన చెయ్యి కుదుపులు కుదుపులుగా కదిలింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఆ పిల్ల పెదవుల కేసి చూస్తూ తనకి తోచిన మాటలు మెల్లగా అనుకుంటూ కూర్చుంది. రెండుసార్లు చూసి, "పర్వాలేదు అంకుల్" అని వెళ్లిపోయింది. డబ్బులు తిరిగిస్తానంటే తీసుకోలేదు.

అందుకే కోప్పడుతున్నాననుకున్నా సరే, చెప్తున్నాను. ఏట్లో పిల్లలు దూకేది వందలో తియ్యి, బాగుంటుంది. అమ్మమ్మ కూర్చుని మాట్లాడేది మాత్రం 25లోనే, మైకు విడిగా పెట్టి తియ్యి. ఆమె చెయ్యి తిప్పుతూ మాట్లాడుతుంది చూడు, ఆ చెయ్యి కాస్త చెదిరితే చెదరనీ. మనింటి టీవీలో వేసి చూపించే ముందు సెట్టింగుల్లో కదలిక నున్నగా చేసేది ఆపేయ్, లేకపోతే నువ్వు 25లో తీసినదాన్ని కూడా అది సీరియల్‌లా చేసేస్తుంది.

మా అమ్మకి ఈ మధ్య గొంతు సన్నబడింది. మధ్యాహ్నానికే అలసిపోతోంది. వచ్చిన రోజే, కెమెరా బ్యాగు విప్పకముందే, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ఆమె మంచం మీద పెట్టు. నౌపడా చిన్న రైలు గురించి అడుగు, పెళ్లయ్యాక అందులోనే ఈ ఊరొచ్చింది. మధ్యలో దగ్గు వస్తుంది, ఎక్కడున్నానని మళ్లీ మొదటి నుంచి చెప్తుంది. ఆపకు.

నీ మామయ్య