హైకోర్టు అధికారానికి హద్దు ఎక్కడ?

ప్రభుత్వం నిద్రపోతుంటే హైకోర్టే పాలన చేతిలోకి తీసుకోవచ్చా అన్నది ప్రశ్న. తీసుకోకూడదు. కానీ నిద్ర లేపవచ్చు, లేపి తీరాలి కూడా.

రాజ్యాంగం 226వ అధికరణ హైకోర్టుకు చాలా పెద్ద అధికారమే ఇచ్చింది. సుప్రీంకోర్టుకు 32వ అధికరణ కింద ఉన్నది ప్రాథమిక హక్కుల అమలు కోసమే. హైకోర్టు అయితే ప్రాథమిక హక్కులతో పాటు "మరే ఇతర ప్రయోజనం కోసమైనా" రిట్లు, అంటే ప్రభుత్వానికీ అధికారులకూ ఇచ్చే ఆదేశాలు, జారీ చేయవచ్చు. ఈ అధికారాన్ని రాజ్యాంగ సవరణతో కూడా తీసేయలేరని 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి హద్దు ఎక్కడ? చట్టం ప్రకారం చేయాల్సిన పని అధికారి చేయకపోతే "చెయ్యి" అని ఆదేశించడం కోర్టు పనే. ఏ పని చేయాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఎన్ని ఉద్యోగాలు ఇవ్వాలి అన్నవి ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం తేల్చుకోవాలి. ఆరావళి గోల్ఫ్ క్లబ్ కేసు ఇందుకు మంచి ఉదాహరణ. తోటమాలులుగా చేరి ట్రాక్టర్ నడుపుతున్న ఇద్దరి కోసం కొత్త పోస్టులు సృష్టించమన్న కింది కోర్టు ఆదేశాన్ని హైకోర్టు సమర్థించింది. 2007లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, పోస్టులు సృష్టించడం కోర్టుల పని కాదంది. ఆ కార్మికుల మీద జాలి కలుగుతుంది నిజమే, అయినా ఆ తీర్పు సరైనదే అంటాను. ఎందుకంటే తప్పు చేసిన మంత్రిని ఓటుతో దించగలం, జడ్జిని దించలేం.

చట్టమే లేని చోట, హక్కు నలిగిపోతుంటే మాత్రం కోర్టు ముందుకు రావాల్సిందే. 1997లో విశాఖ కేసులో (ఇది ఊరి పేరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు) సుప్రీంకోర్టు పెట్టిన మార్గదర్శకాలే, పార్లమెంటు 2013లో చట్టం చేసేదాకా, ఆఫీసుల్లో లైంగిక వేధింపుల నుంచి మహిళలకు రక్షణగా నిలిచాయి.